చుట్టాలింటికి విదేశీ ప్రయాణం: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

విదేశంలో ఉన్న అక్క దగ్గరికో, అన్నయ్య దగ్గరికో ఇంటిల్లిపాదీ వెళ్దాం అనుకున్న రాత్రే మనం చేసే పని ఒకటుంది, ఫోన్ తీసి టికెట్లు ఎంత ఉన్నాయో చూడటం. అన్నిటికంటే తక్కువకి కనిపించినదాన్ని పట్టుకుని మిగతా ప్రయాణమంతా దాని చుట్టూ సర్దుకుంటూ పోతాం. నేనూ అలాగే చేశాను. ఒకసారి రెండు వేర్వేరు టికెట్లు కొని బాగా మిగిల్చానని సంబరపడ్డాను. మధ్యలో మారాల్సిన ఊరికి మొదటి విమానం మూడు గంటలు లేటుగా చేరేసరికి రెండోది వెళ్లిపోయింది, ఆ రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుని మా అమ్మ కాళ్లు వాచిపోయాయి, మిగిల్చాననుకున్న డబ్బుకి ఇంకొంత కలిపి కొత్త టికెట్లు కొన్నాను. అప్పట్నుంచి ఏ రెండిటి మధ్య ఎంచుకోవాల్సి వచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నా: ఇందులో తేడా వస్తే ఆ ఇబ్బంది ఎవరి మీద పడుతుంది? నా మీదైతే ఫర్వాలేదు, ఓర్చుకుంటాను. చంటిపిల్ల మీదో, అమ్మ మీదో, మనల్ని రమ్మని పిలిచిన వాళ్ల మీదో పడేటట్టయితే ఆ చౌక బేరం నాకొద్దు.

ఎందుకంటే చుట్టాలింటికి వెళ్లడం, టూరుకి వెళ్లడం ఒకటి కాదు. టూరులో తేడా వస్తే మనం పడతాం, అంతటితో సరి. ఇక్కడ మన విమానం లేటైతే అర్ధరాత్రి కారేసుకుని వచ్చేది వాళ్లు, మన పిల్లాడికి జ్వరమొస్తే ఆఫీసుకి సెలవు పెట్టేది వాళ్లు. ఆ లెక్క టికెట్ల సైటులో కనపడదు.

ముందు వీసానా, ముందు టికెట్టా

వీసా కావాల్సిన దేశమైతే వీసానే ముందు, ఇందులో నాకు రెండో మాట లేదు. అనుకున్న రోజుకి అపాయింట్‌మెంట్ దొరక్కపోవచ్చు, నలుగురిలో ముగ్గురికి వచ్చి ఒకరిది ఆగిపోవచ్చు, అప్పుడు చేతిలో రద్దు చేస్తే పైసా రాని టికెట్లుంటే ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. దరఖాస్తుకి ప్రయాణ వివరాలు అడిగితే చాలాచోట్ల రిజర్వేషన్ కాపీ సరిపోతుంది, లేదంటే కాస్త ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే టికెట్ తీసుకోండి. షెంగెన్ వీసాకైతే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపుకి, ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. ఆ 15 రోజుల్ని నమ్ముకుని కూర్చోకండి, మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. వీసా అక్కర్లేకుండా ఆన్‌లైన్ అనుమతితో వెళ్లగలిగే వాళ్లకి, అంటే అమెరికా ఈఎస్‌టీఏ, కెనడా ఈటీఏ, బ్రిటన్ ఈటీఏ లాంటివి వర్తించే పాస్‌పోర్టులున్న వాళ్లకి, టికెట్ ముందు తీసుకున్నా పెద్ద ప్రమాదం లేదు. కాకపోతే ఆ అనుమతి చంటిపిల్లతో సహా ఒక్కొక్కరికీ విడిగా ఉండాలి.

ఇంతకంటే ముందు అందరి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పరిచి గడువు తేదీలు చూడండి. పెద్దవాళ్లవి బాగానే ఉంటాయి, ఇరికించేది పిల్లలదే, ఎందుకంటే చాలా దేశాల్లో పిల్లల పాస్‌పోర్టుకి గడువు తక్కువ. చాలా దేశాలు ఇంకా 6 నెలలు చెల్లాలంటాయి. షెంగెన్‌లో అయితే అక్కణ్నుంచి తిరిగి బయల్దేరే రోజు తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, పైగా ఆ పాస్‌పోర్టు గత 10 ఏళ్లలోపు ఇచ్చినదై ఉండాలి.

ఇంకో మాట, వీసా మీదున్న గడువూ అక్కడ ఉండనిచ్చే గడువూ ఒకటి కాదు. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో నిర్ణయించేది దిగినప్పుడు అధికారి ఇచ్చే తేదీ, అది ఐ-94 రికార్డులో ఉంటుంది. వీసా పదేళ్లు ఉంది కదా అని అమ్మని ఇంకో రెండు నెలలు ఉంచేద్దాం అనుకునే ముందు ఆ తేదీ చూడాలి. షెంగెన్‌లో అయితే ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించకూడదు.

వాళ్ల సెలవులకా, మన సెలవులకా

మామూలుగా మన పిల్లల స్కూలు సెలవుల్ని బట్టి తేదీలు పెట్టేసుకుంటాం. అవతలివాళ్లకి అవే రోజుల్లో ఆఫీసులో ఊపిరాడని పనుంటే మనం వాళ్లింట్లో కూర్చుని వాళ్ల కోసం ఎదురుచూడాలి. నాకు తెలిసినంతలో రెండింటిలో ఒకటే కుదిరేటట్టుంటే వాళ్ల సెలవుల్ని పట్టుకోవడమే మేలు, మన పిల్లలు నాలుగు రోజులు బడి మానినా కొంప మునగదు. భూమధ్యరేఖకి అవతలి దేశమైతే ఋతువులు తారుమారు అని గుర్తుంచుకోండి, ఆస్ట్రేలియాలో డిసెంబరు అంటే వేసవి.

ఎన్ని రోజులు అన్నదానికి నేను గడియారం తేడాని చూస్తాను. ఒక్కో టైమ్ జోన్‌కి శరీరం సర్దుకోవడానికి దాదాపు ఒక రోజు పడుతుందని ఒక మోటు లెక్కుంది, తూర్పుకి వెళ్తే ఇంకాస్త కష్టం. పది గంటల తేడా ఉన్న చోటికి పదిరోజుల కోసం చిన్నపిల్లల్ని తీసుకెళ్తే, వాళ్లు మామూలుగా నిద్రపోవడం మొదలుపెట్టే నాటికి పెట్టెలు సర్దుకోవాల్సి వస్తుంది. ఎనిమిది గంటలకి మించి తేడా ఉంటే మూడు వారాలైనా ఉండేలా చూసుకోండి, కుదరకపోతే వచ్చే ఏడాదికి వాయిదా వేయడం మంచిదని నా అభిప్రాయం. నాలుగైదు గంటల తేడా అయితే పదిరోజులు కూడా హాయిగా గడుస్తాయి.

టికెట్: నేరుగానా, ఒకచోట ఆగా, రెండు వేర్వేరు టికెట్లా

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

రెండు వేర్వేరు టికెట్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఒకే బుకింగ్‌లో రెండు విమానాలుంటే మొదటిది లేటై రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. వేర్వేరుగా కొంటే రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికులు, అంతే. మొదటిది ఎందుకు లేటైందో వాళ్లకి అనవసరం. దానికి తోడు మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అంటే చాలాచోట్ల ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ మధ్య దేశానికి కూడా వీసా కావాల్సి రావచ్చు. ఈ మూడో ముక్క చాలామందికి చెకిన్ కౌంటర్ దగ్గర తెలుస్తుంది. ఒంటరిగా చిన్న బ్యాగుతో వెళ్లే కుర్రాడికి ఇది సరదాగానే ఉంటుంది. కుటుంబానికి వద్దు. తప్పనిసరైతే రెండు విమానాల మధ్య ఒక రాత్రి పూర్తిగా ఉంచుకుని హోటల్ గది ముందే తీసుకోండి, ఆ గది ఖర్చు కూడా కలిపి చూస్తే చౌక అన్నది చాలావరకు ఆవిరైపోతుంది.

ఒకే టికెట్ అయినా ట్రాన్సిట్ వీసా గొడవ పూర్తిగా పోదు. అమెరికా మీదుగా ఇంకో దేశానికి వెళ్తున్నా అక్కడ ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, విమానం మారడానికే అయినా వీసానో ఈఎస్‌టీఏనో ఉండాలి. బ్రిటన్, కెనడా మీదుగా వెళ్లేవాళ్లకి పాస్‌పోర్టుని బట్టి రూలు మారుతుంది. అమెరికాలోపల ఇంకో ఊరికి వెళ్లేవాళ్లు మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి, మామూలుగా పద్ధతి అది. కాబట్టి అక్కడ గంటన్నర కనెక్షన్ ఇచ్చి 'చాలు' అని సైటు చెప్పినా నమ్మకండి. సైటు చెప్పే సమయం గబగబా నడవగలిగే ఒక మనిషికి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మూడు గంటలకి తగ్గకుండా చూసుకోండి.

ఇక నేరుగా వెళ్లేదా, ఒకచోట ఆగేదా? నేరుగా వెళ్లేదే ఎప్పుడూ మంచిదని అందరూ అంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, పెద్ద ఎయిర్‌పోర్టుల్లో గేటు నుంచి గేటుకి నడవలేని వాళ్లకి, భాష రాక ఇబ్బంది పడేవాళ్లకి, ఒంటరిగా ప్రయాణించే అమ్మానాన్నలకి నేరుగా వెళ్లేదే తీసుకోండి, ఎక్కువైనా సరే. రెండు మూడేళ్ల పిల్లలుంటే మాత్రం పద్నాలుగు పదిహేను గంటలు ఒకే సీట్లో కూర్చోబెట్టడం కంటే మధ్యలో మూడు నాలుగు గంటలు దిగి పరిగెత్తించి మళ్లీ ఎక్కడం చాలా ఇళ్లల్లో బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లూ పిల్లలూ ఇద్దరూ ఉంటే? పెద్దవాళ్ల మాటే నెగ్గాలి. పిల్లాడి ఏడుపు ల్యాండింగ్‌తో ఆగిపోతుంది, కాళ్లలో వాపు ఆగదు. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధనలో తేలింది కూడా, కాబట్టి నేరుగా వెళ్లే విమానంలో అమ్మానాన్నలకి నడిచేదారి పక్క సీటు ఇచ్చి, గంటకో రెండు గంటలకో ఒకసారి లేపి నాలుగడుగులు నడిపించండి.

వీల్‌చెయిర్ సహాయం అడగడానికి మొహమాటపడే పెద్దవాళ్లు చాలామంది, 'నేను నడవగలను కదా' అంటారు. నడవగలిగినా అడగండి, కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పాలి. నడక ఒక్కటే కాదు, ఇమ్మిగ్రేషన్ దాకా పక్కన ఒక మనిషి ఉంటాడు.

రెండేళ్లలోపు పిల్లలకి ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ తీసుకోవాలా, సీటు కొనాలా అన్నది ఇంకో తర్జనభర్జన. అంతర్జాతీయ ప్రయాణంలో ఒళ్లో పిల్లకి చాలా ఎయిర్‌లైన్లు పెద్దవాళ్ల ఛార్జీలో దాదాపు పదోవంతు తీసుకుంటాయి. ఆరేడు నెలల లోపు పిల్లయితే ఆ టికెట్, దాంతోపాటు గోడకి తగిలించే ఉయ్యాల చాలు. ఆ ఉయ్యాలలు విమానానికి కొన్నే ఉంటాయి, బరువు పరిమితి ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది, టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి అడగకపోతే దొరకవు. ఏడాది దాటి కాళ్లు తన్నుకునే వయసు వచ్చాక ఒళ్లో పెట్టుకుని పది గంటలు కూర్చోవడమంటే నరకం, భద్రత రీత్యా కూడా పిల్లకి సొంత సీటు, అందులో అనుమతించిన చైల్డ్ సీటు ఉండటమే మంచిదని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతుంది. ప్రయాణం మధ్యలో రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. మా చిన్నదానికి సరిగ్గా అలాగే జరిగింది, పుట్టినరోజు అక్కడే చేసుకుని వచ్చేటప్పుడు పూర్తి టికెట్‌తో వచ్చింది.

దిగే సమయం గురించి ఎవరూ ఆలోచించరు. తెల్లవారుజామున రెండింటికి దిగే విమానం చౌకగా ఉంటుంది, కానీ ఆ రెండింటికి వచ్చి నిలబడేది అక్కో బావో. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు మధ్యలో దిగేది దొరికితే దానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. ఇంటికెళ్లి, స్నానం చేసి, నాలుగు గంటలు మెలకువగా ఉండి, ఆ ఊరి రాత్రికి పడుకుంటే సగం జెట్ లాగ్ అక్కడే తగ్గుతుంది.

యూరోపియన్ యూనియన్ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే విమానాల్లో, లేదా అక్కడి ఎయిర్‌లైన్‌లో అక్కడికి వెళ్లేటప్పుడు ఇంకో లాభం ఉంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాల్లో ఎయిర్‌లైన్ తప్పు వల్ల మూడు గంటలకి మించి ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు. వాతావరణం బాగాలేక ఆగితే రాదు. రెండు టికెట్లు దాదాపు ఒకే ధరలో ఉంటే ఈ రక్షణ ఉన్నదాన్ని ఎంచుకోవడంలో తప్పేముంది.

మకాం: వాళ్లింట్లోనా, పక్కన గది తీసుకునా

ఇది డబ్బు విషయం కాదు, మర్యాద విషయం, అందుకే ఎవరూ నోరు తెరిచి అడగరు. 'ఇంత దూరం వచ్చి హోటల్లో ఉంటారా' అని వాళ్లు, 'వాళ్లు బాధపడతారేమో' అని మనం. మధ్యలో ఒకే బాత్రూమ్ ముందు ఆరుగురు వరస కట్టి నిలబడతారు.

నేను చూసుకునేవి మూడు. వాళ్లింట్లో బాత్రూమ్‌లు ఎన్ని, అందులో ఎవరైనా ఇంటి నుంచి పనిచేస్తారా, మన పిల్లలు రాత్రి మూడింటికి లేచి ఆడుకుంటే ఆ గోల వినపడని గది ఉందా. రెండు బాత్రూమ్‌లు ఉండి, ఇంట్లో ఆఫీసు లేకపోతే హాయిగా వాళ్లింట్లోనే ఉండండి, వెళ్లేదే కలిసుండటానికి. ఇల్లు చిన్నదై పొద్దున్నే ఆఫీసుకో బడికో వెళ్లేవాళ్లుంటే నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకుని పగలంతా వాళ్లింట్లో, రాత్రి నిద్రకి మన గదిలో. కారెక్కి వెళ్లాల్సిన దూరంలో గది తీసుకుంటే ఇది పనిచేయదు, రోజూ ఎవరో ఒకరు తీసుకెళ్లి తీసుకురావాలి, ఆ భారం మళ్లీ వాళ్లదే.

మాకు బాగా కుదిరింది మూడో పద్ధతి. మొదటి వారం వాళ్లింట్లో, మధ్యలో నాలుగు రోజులు మేం మాత్రమే వేరే ఊరు చూడటానికి, మళ్లీ చివరికి వాళ్లింటికి. ఆ నాలుగు రోజులు మాకు తిరగడానికని చెప్పాం కానీ నిజానికి వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికే. తిరిగొచ్చేసరికి అక్క మొహం ఎంత తేటగా ఉందో చూసి ఇద్దరం నవ్వుకున్నాం, ఎవరూ ఏమీ అనుకోలేదు. మూడు వారాలకి మించి ఉండేవాళ్లు ఈ పద్ధతి ఆలోచించండి.

మకాం ఎక్కడన్నది వీసా కాగితాల్ని కూడా మారుస్తుందని మర్చిపోకండి. ఫ్రాన్స్‌లో చుట్టాలింట్లో ఉంటామంటే వాళ్లు తమ ఊరి మునిసిపల్ కార్యాలయం నుంచి ఆతిథ్య ధ్రువీకరణ తీసుకుని పంపాలి. వాళ్లు అక్కడికి వెళ్లి ఆ పని చేయాలి కాబట్టి ముందే చెప్పండి, వీసా అపాయింట్‌మెంట్ వారం ముందు కాదు. వాళ్లది అద్దె ఇల్లయితే అతిథులు ఎన్నాళ్లు ఉండొచ్చో అద్దె ఒప్పందంలో రాసి ఉండే అవకాశం ఉంది, నెల దాటి ఉండేవాళ్లు అది కూడా కనుక్కోమనండి.

ఇన్సూరెన్స్: ఇక్కడ పిసినారితనం వద్దు

రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఒక్కో చికిత్సకి ఇంత అని ముందే రాసి పెట్టినది. డాక్టర్ని చూస్తే ఇంత, ఆసుపత్రిలో రోజుకి ఇంత, ఆపైన అయ్యేది మన జేబులోంచే. రెండోది, ముందు మనం భరించే మొత్తం పోగా మిగిలిన బిల్లులో పెద్ద భాగాన్ని పాలసీ పరిమితి దాకా భరించేది. మొదటిదాని ప్రీమియం చూడగానే చేయి దానిమీదకే పోతుంది. అమెరికా లాంటి చోట రోజుకి ఇంత అని రాసిన ఆ మొత్తం అసలు బిల్లు ముందు ఎందుకూ పనికిరాదు, ఆ మిగతా బిల్లు ఎవరి ఇంటికి వస్తుందనుకుంటున్నారు, మన అక్క ఇంటికే. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి మొదటిదానితో గడిచిపోవచ్చేమో కానీ, అరవై దాటిన వాళ్లకి రెండోదే.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ల పాలసీలో ముందు నుంచి ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో ఆ పేరా మూడుసార్లు చదవండి. కొన్నిటిలో అసలు కవర్ ఉండదు, కొన్నిటిలో ఆ జబ్బు హఠాత్తుగా ముదిరి 24 గంటల్లోపు చికిత్స తీసుకుంటేనే ఇస్తారు, అది కూడా ఒక వయసు దాకానే. మామూలు చెకప్‌కి ఎందులోనూ ఆశ పెట్టుకోవద్దు. ఉన్న జబ్బు దాచిపెట్టి చౌక పాలసీ తీసుకోవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక, క్లెయిమ్ రోజున పాత రికార్డులు అడుగుతారు.

కుటుంబమంతటికీ కలిపి ఒకటా, విడివిడిగానా? చాలా సైట్లలో పెద్దవాళ్లని కలిపితే అందరి ప్రీమియమూ పెద్దవాళ్ల వయసు లెక్కకి వెళ్లిపోతుంది. మేం అమ్మానాన్నలకి విడిగా మంచిది, మాకూ పిల్లలకీ కలిపి ఇంకొకటి తీసుకుంటాం. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ఇన్సూరెన్స్‌ని నమ్ముకునే వాళ్లు మూడు చూసుకోండి: టికెట్ ఆ కార్డుతోనే కొనాలా, వయసు పరిమితి ఎంత, కుటుంబ సభ్యులకి వర్తిస్తుందా. షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య కవర్ చూపించాలి, అది కనీసమే, అంతటితో ఆగాలని కాదు. టికెట్ రద్దయితే డబ్బు వచ్చే కవర్ కావాలంటే టికెట్ కొన్న వెంటనే పాలసీ తీసుకోండి, బయల్దేరే ముందురోజు తీసుకుంటే దానివల్ల ఒరిగేదేం లేదు.

మందులు ఇక్కణ్నుంచి తీసుకెళ్లాలా, అక్కడ కొనాలా అంటే, రోజూ వేసుకునేవి మొత్తం ప్రయాణానికి సరిపడా, పైన ఇంకో వారానికి, చేతి బ్యాగులో. కంపెనీ ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీ మీద మందు అసలు పేరు ఉండేలా. మన దగ్గర మామూలుగా దొరికేవి అక్కడ నిషిద్ధం కావచ్చు: జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉన్నవి జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు, యూఏఈలో నియంత్రిత జాబితాలో ఉన్న మందులకి ముందే అనుమతి తీసుకోవాలి.

పిల్లల కారు సీటు

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో నిలబడి గొడవపడే విషయం ఇదే. దారులు మూడు: మనది మోసుకెళ్లడం, అక్కడ అద్దెకి తీసుకోవడం, చుట్టాల స్నేహితుల దగ్గర అరువు తేవడం. నేను మోసుకెళ్దామనే అనుకున్నా, అది తప్పని తర్వాత తెలిసింది. కారు సీట్ల ప్రమాణాలు దేశానికో రకం. యూరప్ ఆమోదం ఉన్న సీటు అమెరికాలో చెల్లదు, అమెరికా సీటు బ్రిటన్‌లో చెల్లదు, ఆస్ట్రేలియాలో వాళ్ల సొంత ప్రమాణానికి సరిపోయినవే వాడాలి. కాబట్టి ఒకే ప్రమాణం ఉన్న దేశాల మధ్య తప్ప మోసుకెళ్లడంలో అర్థం లేదు. అరువు తెచ్చేదైతే రెండు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి, ఆ సీటు గడువు ఎప్పటిదాకా, అది ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా. జవాబు తెలియకపోతే అద్దెకే వెళ్లండి. బ్రిటన్‌లో 12 ఏళ్లో, 135 సెంటీమీటర్ల ఎత్తో, ఏది ముందొస్తే అప్పటిదాకా చైల్డ్ సీటు వాడాలి, అంటే మా తొమ్మిదేళ్ల వాడికి కూడా బూస్టర్, అదే ఎత్తు పెంచే సీటు, కావాలన్నమాట, వాడికి ఎంత నామోషీ అనిపించినా సరే.

లగేజీ

మనిషికో పెట్టె అన్న పద్ధతి మానేయండి. ఒక పెట్టె రాకపోతే ఒకరికి కట్టుకోవడానికి బట్టలే ఉండవు. ప్రతి పెట్టెలో అందరివీ రెండేసి జతలు పడేలా కలిపి సర్దితే ఏది తప్పిపోయినా నాలుగు రోజులు గడుస్తాయి. పెట్టె ఆలస్యమైతే ఎయిర్‌పోర్టులోనే ఫిర్యాదు రాయించుకోండి, పాడైతే 7 రోజుల్లో, ఆలస్యమైతే పెట్టె చేతికొచ్చాక 21 రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలని అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. దాని ప్రకారం ఎయిర్‌లైన్ బాధ్యత 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ దాకా ఉంది, ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల్లో వాడే యూనిట్. నగలు, డబ్బు, లాప్‌టాప్ ఆ లెక్కని నమ్ముకుని పెట్టెలో వేయకండి.

ఇంట్లో తూకం వేసుకుని వెళ్లండి. 23 కిలోల పెట్టెలు రెండా, పెద్దది ఒకటా అంటే చిన్నవి రెండే, ఎందుకంటే 32 కిలోలు దాటిన పెట్టెని అదనపు డబ్బు కట్టినా చాలా ఎయిర్‌లైన్లు తీసుకోవు, ఆ బరువు ఎత్తి కారులో పెట్టేది కూడా మళ్లీ బావే. పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే పెట్టాలి, 100 వాట్ అవర్స్ దాకా అనుమతి అక్కర్లేదు, మామూలు 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 అవుతుంది కాబట్టి భయం లేదు. తినేవీ, విత్తనాలూ, మొక్కల వస్తువులూ ఏవి ఉన్నా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఫారంలో ఉన్నాయని రాసేయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, రాయకపోతే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

ఫోన్, డబ్బు

వారం పదిరోజులకి ఈ-సిమ్, నెల దాటితే అక్కడి సిమ్, ఇంకా మంచిది చుట్టాల ఫ్యామిలీ ప్లాన్‌లో తాత్కాలికంగా ఒక నంబరు. రోమింగ్ పెద్దవాళ్లకి మాత్రమే, అదీ ఫోన్ సెట్టింగులు మార్చడం వాళ్లకి కష్టమనిపిస్తేనే. ఏది తీసుకున్నా ఇంటి సిమ్‌ని ఫోన్‌లోంచి తీసి డ్రాయర్లో పడేయకండి, బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, ఆ నంబరు కాస్తా నిద్రపోయి ఉంటే కార్డు పనిచేయదు, ఆ టెన్షన్ ఏంటో పడితేగానీ తెలియదు. ఈ-సిమ్ కొనే ముందు ఫోన్ ఏ కంపెనీకీ లాక్ అయి లేదని చూసుకోండి.

కార్డు గీసినప్పుడు 'మీ దేశపు డబ్బులో కట్టాలా, ఇక్కడి డబ్బులోనా' అని అడిగితే ఎప్పుడూ అక్కడి డబ్బే, మన డబ్బులో అంటే మారకం రేటు ఆ మెషీన్ వాళ్ల ఇష్టం. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, రెండు వేర్వేరు జేబుల్లో. అమెరికాకి వెళ్లే కుటుంబం దగ్గర నగదు మొత్తం మీద కలిపి 10,000 డాలర్లు దాటితే ఫారంలో చెప్పాలి, నలుగురి దగ్గర విడివిడిగా పెట్టుకున్నా లెక్క కలిపే చూస్తారు.

పిల్లలతో తల్లి ఒక్కరో, తండ్రి ఒక్కరో వెళ్తుంటే రెండోవారి సమ్మతి లేఖ నోటరీ చేయించి పెట్టుకోండి, కెనడా దీన్ని గట్టిగా సిఫారసు చేస్తుంది, మిగతాచోట్ల అడిగినప్పుడు లేకపోతే పిల్లల ముందే ప్రశ్నలు మొదలవుతాయి.

ఇక తిరుగు టికెట్. ఆదివారం రాత్రి దిగి సోమవారం పొద్దున్నే బడికి పంపేద్దాం అనుకుని ఒకసారి తీసుకున్నా, ఆ వారమంతా పిల్లలు క్లాసులో నిద్రపోయారు, నేను మీటింగుల్లో. ఈసారి గురువారం దిగేలా తీసుకున్నాం, ధర ఎక్కువే, శుక్రవారం సెలవు పెట్టి మూడు రోజులూ ఇంట్లో పడుకోవడానికే ఉంచుకున్నాం.